డబ్బాలో పోస్తే తేదీ పోయినట్టే



బడి భోజనం తిని పిల్లలకు వాంతులైతే మనం ముందు ఎవరి మీద అరుస్తాం? వంటమ్మ మీద. ఆమె మన గూడెం మనిషే. ఇచ్చిన సరుకు వండింది. ఆ సరుకు బండి దిగిన రోజున మనం ఎందుకు చూడలేదు?

కొండ ఊళ్లకు బండి రోజూ రాదు, వాగు పొంగితే అసలే రాదు. అందుకే చాలా రోజులకు సరిపడా ఒకేసారి దించుతారు. గడువు దగ్గరపడ్డ నూనె, పప్పు, చిక్కీ ప్యాకెట్లు చెమ్మ గదిలో పడి ఉంటాయి. కొత్తవి ముందు, పాతవి వెనకాల. ప్యాకెట్ కోసి డబ్బాలో పోశాక తేదీ ఎక్కడుంటది? కవర్‌తో పాటే పొయ్యిలోకి.

కవర్ పారేయనివ్వకండి. తేదీ, బ్యాచ్ నంబర్ ఫోటో తీయండి. గడువు దాటితే దించుకోవద్దు, ఎందుకు వద్దన్నామో స్టాకు రిజిస్టర్‌లో రాయించండి. "వాసన బాగానే ఉంది కదా" అంటారు, వినకండి. గుడ్డు మీద తేదీ లేకపోతే నీళ్లలో వేయండి, తేలితే పాతది.

"అడగడానికి నువ్వెవరు?" అంటే చెప్పండి. ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. దాని నాణ్యత చూసే పనిని 2015 నియమాలు బడి కమిటీకి ఇచ్చాయి. ఆ కమిటీలో కూర్చునేది మీ అమ్మానాన్నలే, వాళ్లకు చదివి చెప్పండి. అయినా వినకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాయండి. ఐటీడీఏ గ్రీవెన్స్ రోజున ఆ కవర్‌నే తీసుకెళ్లి పీఓ గారి బల్ల మీద పెట్టండి.