కోటిపల్లి పొగబండి



పాత పొగబండ్లపై నాకు గల మోజును చూచి మా యింటివారు నవ్వుకొందురు. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ అను ఇంజనును చూచుటకే నేనొకప్పుడు ఢిల్లీకి పోయి వచ్చితిని. అంత దూరము పోనక్కరలేదనియు, ఇనుప పట్టాల పూర్వకథ మన గోదావరి గట్టుననే కలదనియు పిమ్మట తెలిసినది.

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. అచ్చటి కొండలో పగులగొట్టిన రాతిని పనిచోటికి చేర్చుటకు కాటన్ దొర పట్టాలు పరపించి, వాటిపై బండ్లు నడిపించెను. బొంబాయి నుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచినది 1853లో గదా! అంతకు ముందే మన కొండరాయి పట్టాలెక్కినది.

అయితే నా మనస్సును పట్టుకొన్నది వేరొక దారి. కాకినాడ నుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లి రేవునకు 1928లో వేసినది. పొడవు సుమారు 45 కిలోమీటర్లు. ఇరువైపుల వరిచేలు, చివరకు గౌతమి, ఏరు దాటినచో ముక్తేశ్వరము, కోనసీమ.

1932 పుష్కరములకు మా తాతగారు తమ తల్లిని వెంటబెట్టుకొని రామచంద్రపురమున ఆ బండి యెక్కిరి. మా తాతమ్మకు అదే మొదటి రైలు. ఇంజను కూత వేయగానే ఆమె చేతులు జోడించి లేచి నిలువబడెనట! బొగ్గు నలుసు కంటిలో పడగా కోటిపల్లి వరకు కన్ను నులుముకొనుచునే యున్నదట. కిటికీ వద్ద చోటు మాత్రము విడువలేదట.

1940లో యుద్ధావసరములకై ఆ పట్టాలను పెరికి తీసికొనిపోయిరి. 1944లో మరల పుష్కరములు వచ్చెను. ఈ మారు ఎడ్లబండి కట్టిరి.

"రైలేదిరా?" అని తాతమ్మ అడిగినది.

"యుద్ధానికి పోయిందమ్మా."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

సైన్యములో చేరిన పిల్లవానిని గూర్చి అడిగినట్లే అడిగినదట. రైలు 2004లో వచ్చినది. అప్పటికి తల్లియు లేదు, కుమారుడును లేడు. పొగ ఇంజనులును లేవు; చిత్తరంజన్ కర్మాగారమున వాటి తయారీ 1972లోనే ముగిసినది. ఒంటి పెట్టె రైలుబస్సొకటి కొంతకాలము ఆ దారిని నడచినది. నేనును ఎక్కితిని. హాయిగానే యున్నది గాని, కంటిలో నలుసు పడలేదు.

రాజమహేంద్రవరమున 1900లో తెరచిన హేవలాక్ వంతెన 1997 దాక రైళ్లను మోసినది. దాని 56 ఖానాలను గట్టున నిలిచి ఎవరైనను లెక్కింపవచ్చును. కోటిపల్లి పొగబండిని లెక్కించుటకేమున్నది? చూచినవారి మాటయే.

అట్టివారి కొరకు ఊరూర తిరిగితిని. ఒక పెద్దమనిషి దొరకెను. పట్టాలు పెరికిననాడు ఆయన ఆరేండ్ల బాలుడు. పిదప ఆ కట్టమీదనే గేదెలను తోలుకొనిపోయెడివాడట. కూత ఎట్లుండెడిదని అడిగితిని. అరచేతులు రెండును నోటివద్ద చేర్చి ఊదెను. లోపలినుండి మనుమరాలు కంగారుగా పరుగెత్తివచ్చినది.

మీ యూళ్లలో అట్టివారింకను ఉన్నయెడల, దయచేసి ఈ వారమే పోయి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. కూత సంగతి మరువక అడుగుడు.