శిశువునకు గది



ఇంట బిడ్డ పుట్టఁబోవుననఁగానే మనము నక్షత్రమును విచారింతుము, గదిని విచారింపము. పూర్వము చీఁకటికొట్టే పురిటిగది. మా పెద్దవాఁడు పుట్టినప్పుడు కిటికీలు మూయించి కుంపటి పెట్టించినవాఁడను నేనే. ఆ పొగకు వాఁడు నెలదినములు దగ్గెను. ఆ తప్పు నన్ను నేఁటికిని బాధించుచున్నది.

మొన్న మనుమరాలు పుట్టుటకు నెల ముందే, నా పుస్తకములుండు తూర్పుగదిని ఖాళీచేసి సున్నము కొట్టించితిని. సమమైన గట్టిపరుపుపై బిడ్డను వెల్లకిల పరుండఁబెట్టించితిని. తలగడయు, సాంబ్రాణిపొగయు వలదంటిని. గోడలకు బొమ్మలేవి యని ఇంటివారడిగిరి. తొలివారములలో శిశువునకు అడుగు దూరమును మించి స్పష్టముగాఁ గానరాదు. అప్పటికి తల్లిముఖమే అలంకారము. పిమ్మట ఏటికొప్పాక కఱ్ఱచిలుక నొకదానిని చేతికందనంత యెత్తునఁ గట్టిన చాలును.

పెద్దలారా! మీ యింట గాలియు వెలుఁగును గల గది మీదే యైనచో, దానిని శిశువునకిండు.