పాతకారు ఇంజనుకు ఊపిరి

చెన్నై నుండి కోల్‌కతాకు పోవు పెద్దరోడ్డు మీద నాయుడుపేట ఉన్నది. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోవు దారి ఇక్కడనే చీలును. ఈ కూడలిలో నేటికిని అప్పుడప్పుడొక అంబాసిడరు కనిపించును. 1957లో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. కొత్తది రాదు గనుక ఉన్నదానిని కాపాడుకొనుటయే మనకు మిగిలిన మార్గము. నూనె త్వరగా నల్లబడుచున్నదనియు, సీళ్లవద్ద కారుచున్నదనియు ఇట్టి బండ్ల యజమానులు చెప్పగా మేము వినుచుందుము. పలుమారులు దోషము సీళ్లది కాదు. ఇంజనుకు ఊపిరాడకపోవుటయే కారణము.

పిస్టను రింగులు ఎంత బిగువుగా ఉన్నను కొంత వాయువు వాటి ప్రక్కలనుండి జారి క్రాంకుకేసులోనికి దిగును. అందులో మండని పెట్రోలు, నీటి ఆవిరి, ఆమ్లములు ఉండును. బయటికి పోనిచో అవి నూనెను మడ్డిగా మార్చును. పూర్వము ఒక గొట్టముద్వారా ఆ వాయువును రోడ్డుమీదికి విడిచెడివారు. బండి పరుగెత్తునప్పుడే ఆ గొట్టము బాగుగా లాగును. రైలుగేటువద్ద నిలిచినప్పుడు లాగదు. పైగా ఆ పొగను పీల్చువారము మనమే, మన పిల్లలే. అందుచేతనే 1961 మోడలు కార్లకు కాలిఫోర్నియాలోను, 1963 నుండి అమెరికా అంతటను, ఆ వాయువును తిరిగి ఇంజనులోనే మండించు కవాటమును అమర్చిరి. అంబాసిడరు 1489 సీసీ ఇంజను వంశమునకే చెందిన ఎంజీబీ ఇంజనుకు 1964లో ఇట్టి ఏర్పాటు వచ్చినది.

ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఇన్‌లెట్ మానిఫోల్డు లాగుడు ఎక్కువ, జారు వాయువు తక్కువ. కవాటము సన్నని దారియే ఇచ్చును. బరువు లాగునప్పుడు మానిఫోల్డు లాగుడు తగ్గును. స్ప్రింగు దారిని విశాలము చేయును.

ఇక అమర్చు చోటు. వాయువును ట్యాపెట్ మూత గొట్టమునుండి, నూనెను వేరుచేయు డబ్బా ద్వారా తీసికొనవలెను. లేనిచో నూనెయే సిలిండర్లకు పోవును. మంచిగాలి పైనున్న నూనెమూతలోని ఫిల్టరుగుండా రావలెను. పాత గొట్టమును మూయనిచో రోడ్డుదుమ్ము లోనికి చేరి బేరింగులను అరుగదీయును. మానిఫోల్డువైపు కొస థ్రాటిల్ తరువాత, దారులు చీలకముందే కలియవలెను. ఒక సిలిండరు దారిలోనే కలిపినచో అదనపుగాలి దానికే చేరి మిశ్రమము పలుచబడును; ఆ సిలిండరు వాల్వు కాలవచ్చును. పాత మానిఫోల్డుకు రంధ్రము వేయుటకు మనసొప్పనివారు కార్బురేటరు క్రింద గొట్టముగల పలకనొకటి ఉంచవచ్చును, కావలసినప్పుడు తీసివేయవచ్చును. కవాటముపై బాణపుగుర్తున్నచో అది మానిఫోల్డువైపు చూడవలెను. రబ్బరుగొట్టము ఎచ్చటను జారి పల్లము కారాదు. అందు నీరు, నూనె నిలిచి దారి మూయును.

అమర్చిన పిదప కార్బురేటరు మిశ్రమమును మరల సరిచేయవలెను. ఇంజను తిరుగుచుండగా నూనెమూత తీసి, ఆ నోటిపై పలుచని కాగితము ఉంచి చూడుడు. అది లోనికి లాగబడినచో ఊపిరి ఆడుచున్నట్లే. పైకెగిరినచో కవాటమైనను మూసికొనియుండును, రింగులైనను అరిగియుండును. అరిగిన రింగులకు ఈ కవాటము వైద్యము కాదు. ఆ సంగతి యజమానికి ముందుగా చెప్పుటయే మెకానిక్కు ధర్మము.