ముష్టియుద్ధ శిక్షణలో దండీలు, బస్కీలు



హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశను, కూకటపల్లికి చేరువను ప్రగతి నగరు అను నివాసస్థలము కలదు. అంబీరు చెరువు ఇచ్చటిదే. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట ఆ చుట్టుప్రక్కల కార్యాలయములు వెలసినవి. వానిలో పనిచేయు యువజనులు పలువురు ఈ ప్రాంతమున కాపురములు పెట్టిరి. మీ కొడుకులు, కోడండ్రు, మనుమలు, మనుమరాండ్రు వారిలో ఉండవచ్చును. పగలెల్ల కుర్చీలో కూర్చుండి పనిచేసి, సాయంకాలము బాక్సింగు, అనగా ముష్టియుద్ధము, నేర్వవలెనని ఉత్సాహపడువారిని నేనిచ్చట చూచుచున్నాను. దండీలు, బస్కీలు ఎన్ని తీయవలెను, ఎప్పుడు తీయవలెను అని వారు నన్నడుగుచుందురు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే నేటి నా ప్రసంగము.

పట్టణపు పిల్లల ప్రశ్నను పల్లెటూరి పెద్దలకేల చెప్పవలెనని మీరనవచ్చును. దండీలు, బస్కీలు మన ఊళ్ల తాలింఖానాల సొత్తు. వీరఘట్టమున పుట్టి, దేశవిదేశములలో మల్లవీరుడని కీర్తిగాంచి, 1942లో దివంగతుడైన కోడి రామమూర్తినాయుడుగారి పేరు విననివారు మనలో అరుదు. ఈ వ్యాయామముల గుణము మీకు తెలియును. పిల్లవాడు సాధన చేయవచ్చునా, కూడదా యని తేల్చువారును, వాని సాధన మితము తప్పినప్పుడు మొట్టమొదట కనిపెట్టగలవారును మీరే.

మొదట గుద్దు ఎట్లు పుట్టునో విచారింతము. గుద్దునకు బలము చేతినుండియే వచ్చునని పలువురి భ్రమ. కట్టెలు కొట్టువానిని చూడుడు. గొడ్డలిని పట్టినది చేయియే కాని, దెబ్బకు బలము నేలను తన్ని నిలిచిన పాదములలో మొదలై, తొడలు, నడుము, భుజముల మీదుగా గొడ్డలికి చేరును. ముష్టియుద్ధమునందును ఇంతే. కాలు తడబడినచో గుద్దు చప్పబడును. నడుము గట్టిగా లేనిచో, కాలిలో పుట్టిన బలము మార్గమధ్యముననే నశించును. కనుక బస్కీలు కాళ్లకును, దండీలు రొమ్మునకు, భుజములకు, దండచేతులకును పనికివచ్చును. మోచేతులపైనను, కాలివ్రేళ్లపైనను ఆని, దేహమును బల్లవలె నిటారుగా నిలుపుట నడుమునకు మంచిది.

ఇవి యన్నియు ముందుకు నెట్టు పనులు. భుజముల వెనుక కండరములకు లాగు పని కావలెను. అందుకు చెట్టుకొమ్మనో, ఇనుపకడ్డీనో పట్టి వ్రేలాడి, దేహమును పైకి లాగుకొనవలెను. దినమెల్ల ముందుకు వంగి కూర్చుండువారికి ఇది మరింత అవసరము. వీనిలో దేనికిని ధనము అక్కరలేదు. పేదవాడు ఈ విద్యకు దూరము కానక్కరలేదనుటకు ఇది గొప్ప ఆధారము.

ఇక క్రమము. క్రొత్తవాడు మొదటనే నూరు దండీలు తీసి, అలసిన చేతులతో గుద్దులు నేర్చుకొనబోవుట తగదు. అలసిన చేయి దవడను కాపాడక క్రిందికి జారును. అలసిన కాలు తప్పుగా పడును. ఆ తప్పే అలవాటగును. పిదప దానిని మాన్పుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము. కావున ముందు త్రాటితో గెంతి ఒడలు వెచ్చచేసికొనవలెను. తరువాత గురువు సమక్షమున నిలుకడ, అడుగువేత, ఎడమచేతి గుద్దు, కుడిచేతి గుద్దు, దెబ్బ తప్పించుకొనుట అభ్యసింపవలెను. ఇవి ముగిసిన పిమ్మటనే దండీలు, బస్కీలు. విద్య ముందు, బలము వెనుక అని జ్ఞాపకముంచుకొనుడు.

ఎన్ని యనగా: వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము చాలును. తడవకు ఎనిమిది దండీలు, పండ్రెండు బస్కీలు, ఇరువది సెకండ్లు బల్లవలె నిలుచుట, ఓపికకొలది కొమ్మ పట్టి లేచుట. ఇట్లు మూడు తడవలు. సాధారణముగా తీయు దండీలో దేహపు బరువున సుమారు మూడింట రెండు వంతులు చేతులపై పడును. అరువది కిలోలవాడు సుమారు నలువది కిలోలు మోయుచున్నాడన్నమాట. అది మోయలేనివాడు గోడకో, అరుగుకో చేతులు ఆనించి మొదలిడవలెను. ఇంకను రెండు తీయగలననునప్పుడే ఆపవలెను. వారమునకు ఒకటి రెండుకన్న హెచ్చింపరాదు. నెలన్నర గడచిన పిమ్మట మూడు నిమిషములు పని, ఒక నిమిషము విశ్రాంతిగా మార్చుకొనవచ్చును. ఏలనన, నేటి ఒలింపిక్ పద్ధతి పోటీలలో ఒక్కొక్కటి మూడు నిమిషములుగా మూడు అంకములు, నడుమ ఒక్కొక్క నిమిషము విరామము ఉండును.

"మా కాలమున వందలకొలది బస్కీలు తీసెడివారము" అని మీలో కొందరనవచ్చును. నిజమే. కాని అది ఏండ్ల తరబడి క్రమముగా పెంచుకొన్న శక్తి. నిన్నటివరకు కదలక కూర్చున్నవాడు పంతమునకో, శిక్షగానో ఒక్కనాడు వందలకొలది తీసినచో కండరములు చితికి, వానినుండి వెలువడు పదార్థములు రక్తమున కలసి మూత్రపిండములను చెరుపవచ్చును. తొడలు విపరీతముగా వాచి నొచ్చుట, మూత్రము టీ డికాక్షన్ రంగున పోవుట దీని గురుతులు. ఇట్టివి కనబడినచో నూనె మర్దనతో కాలహరణము చేయక, వెంటనే వైద్యశాలకు కొనిపోవలెను. పిల్లలచే లెక్కకు మించి గుంజీలు తీయించు ఉపాధ్యాయులకును ఈ మాట చెప్పుడు.

భుజముల విషయమునను జాగరూకత వలయును. మన నిజామాబాదు పట్టణమున 1996లో జన్మించిన నిఖత్ జరీన్ చరిత్ర చూడుడు. ఆమె 2011లోనే టర్కీ దేశమున బాలికల ప్రపంచ విజేతయైనది. 2017లో భుజమునకు గాయమై, చాలకాలము పోటీలకు దూరమైనది. ఓపికతో మరల సాధన చేసి, 2022 మే నెలలో ఇస్తాంబులు నగరమునను, 2023 మార్చిలో ఢిల్లీ నగరమునను ప్రపంచ విజేతగా నిలిచినది. ఆడుపిల్లకు గుద్దులాట యేమని జనులు ప్రశ్నించినపుడు, ఆమె తండ్రి ఆమె ప్రక్క నిలిచినాడు. అట్టి మేటికే భుజము మోసము చేసినప్పుడు, క్రొత్తవాడు నొప్పిని లెక్కచేయక దండీలు తీయుట వీరత్వము కాదు. ఒంటి బడలిక రెండు దినములలో పోవును. కీలులో సూదివలె పొడుచు నొప్పి ఆగుమను ఆజ్ఞ.

ఒక్క మాట దాచరాదు. దండీలు ఎన్ని తీసినను తలకు తగులు దెబ్బను అవి ఆపజాలవు. తలదెబ్బలు మెదడునకు హానికరము. కావున గురువు అనుమతి లేక, పండ్ల కవచము, శిరస్త్రాణము లేక ఎవ్వరితోను తలపడనీయకుడు. శిరస్త్రాణమున్నను మెదడు కుదుపు పూర్తిగా తప్పదు. తలదెబ్బ తగిలి మైకము కమ్మినవానిని ఆ దినము మరల బరిలోనికి దింపరాదు; వైద్యునికి చూపవలెను. ఎదురెదురుగా కొట్టుకొనకయే ఈ విద్యలో నేర్వదగినది చాల కలదు. బరువు తగ్గి చిన్న తరగతిలో పోటీచేయవలెనని అన్నము, నీరు మానుటయు కూడదు. ఇంటి అన్నము, పప్పు, మజ్జిగ, గ్రుడ్డు, నిండు నిద్ర వానికి చాలినంత బలమిచ్చును.

కనుక పెద్దలారా, సెలవులకు ఇంటికి వచ్చిన మనుమడో, మనుమరాలో బాక్సింగు నేర్చుకొందుననినచో, "ఎన్ని దండీలు తీయగలవు?" అని అడుగకుడు. "నిన్నటికంటె చక్కగా తీయుచున్నావా? రాత్రి నిద్రపోయితివా? ఎచ్చటనైన నొప్పియున్నదా?" అని అడుగుడు. లెక్క పోటీకి ఈడ్చును. ఈ మూడు ప్రశ్నలు పిల్లను కాపాడును. వయసుమీరిన మీరును, వైద్యుని సలహాపై, గోడకు చేతులానించి నాలుగు దండీలు తీసిన తప్పులేదు.