ఇంట్లో గంట ఎవరు కొట్టాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలని మనవి.

పరీక్షలు దగ్గరపడితే మేం టీచర్లం పిల్లలకు చెప్పేది ఒకటే మాట: "కూర్చున్న చోటునుంచి లేవకుండా చదవండి." నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను. కొన్నేళ్ల కిందట పదో తరగతిలో ఒకమ్మాయి లెక్కల్లో వెనకబడింది. రోజూ మూడు గంటలు కూర్చోవాలని గట్టిగా మందలించాను. ఆ పిల్ల తలవంచుకుని, "మా ఇంట్లో నాకు మూడు గంటలు ఎక్కడివి సార్?" అంది. తల్లిది కుట్టుపని, ఇద్దరు చిన్న తమ్ముళ్లు, ఉన్నది ఒకటే గది. నా దగ్గర జవాబు లేకపోయింది.

తర్వాత ఒక పద్ధతి గురించి చదివాను. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థికి పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తానే పందెం వేసుకున్నాడు. వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ ఎదుట పెట్టుకున్నాడు. ఇటాలియన్ భాషలో టమాటాను పొమొదోరో అంటారు. పద్ధతికి ఆ పేరే నిలిచిపోయింది.

చేయవలసింది చాలా సులువు. ఒకే పని ఎంచుకుని 25 నిమిషాలు దానిమీదే ఉండాలి. గంట మోగగానే ఆపి 5 నిమిషాలు లేచి తిరగాలి, నీళ్లు తాగాలి. ఇలా నాలుగుసార్లయ్యాక 15 నుంచి 30 నిమిషాల విశ్రాంతి. మధ్యలో వేరే సంగతి గుర్తొస్తే కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. విరామంలో సెల్‌ఫోన్ పట్టుకోవద్దు. అయిదు నిమిషాలు యాభై అవుతాయి. చిన్నపిల్లలకు మొదట పది నిమిషాలు చాలు.

ఇదే ఆ అమ్మాయికి చెప్పాను. మూడు గంటలు వద్దు, రోజుకు మూడు పాతిక నిమిషాలు చాలన్నాను. మూడు రోజుల తర్వాత వచ్చి, "కుదరటం లేదు సార్" అంది. గడియారం నడుస్తూనే ఉంటుంది, "నీళ్లు తే", "తమ్ముణ్ణి ఎత్తుకో" అని పిలుపులూ వస్తూనే ఉంటాయి. అప్పుడు వాళ్ల అమ్మగారిని పిలిపించి మాట్లాడాను. ఆ తల్లి చదువుకోలేదు. కానీ ఆ రోజునుంచి కుట్టుమిషను పక్కన అలారం పెట్టుకుని, "గంట మోగేదాకా దాన్ని ఎవరూ పిలవొద్దు" అని ఇంట్లో అందరికీ చెప్పింది. అమ్మాయికి గొప్ప మార్కులేం రాలేదు. లెక్కల్లో పాసైంది, ఇంటర్‌లో చేరింది. నాకు అది చాలు.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. కొడుకు చదువుతుంటే చాలా ఇళ్లలో రేడియో, టీవీ కట్టేస్తాం. కూతురు చదువుతుంటే చాయ్ పెట్టమంటాం. ఆ పాతిక నిమిషాలు ఆమెవి కూడా. బడిలో గంట మేం కొడతాం. ఇంట్లో గంట మీరే కొట్టాలి, అది మోగేదాకా మీరే కాపలా ఉండాలి.