ట్రాక్టరుకు ఏ ఎయిర్ ఫిల్టర్ మంచిది?
(జడ్చర్లలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రాట్యుటీ సొమ్ముతో పిల్లలకు ట్రాక్టరు కొనిచ్చినవారు మనలో ఉన్నారు. హార్స్ పవర్ అడుగుతాం, వాయిదాలు అడుగుతాం, ఎయిర్ క్లీనర్ ఏ రకమని మాత్రం అడగం. ఒక లీటరు డీజిల్ కాలడానికి కనీసం 10,000 లీటర్ల గాలి కావాలి. ఎండాకాలంలో మన చెల్కల్లో దున్నితే ఆ గాలి నిండా ఎర్రదుమ్మే. అందులోని ఇసుక పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆపైన ఇంజను ఆయిలు తాగుతుంది, చివరకు విప్పవలసి వస్తుంది.

ఆయిల్ బాత్ రకంలో దుమ్ము గిన్నెలోని నూనెకు అంటుకుంటుంది. ఖర్చు తక్కువ. రోజూ గిన్నె విప్పి చూసే ఓపిక ఉన్నవారికి అదే చాలు. నూనె గీత వరకే పోయాలి. ఎక్కువైతే ఇంజను లాగేసుకుంటుంది. అయితే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని వడపోత తగ్గుతుంది.

రోటవేటరు, నూర్పిడి పని ఎక్కువైతే కాగితం ఫిల్టరే నయమని నా అభిప్రాయం. అందులోనూ రెండు పొరలున్నదే తీసుకోవాలి. బయటిదాన్ని లోపలినుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టి దులపాలి. టైరుకు కేసి కొట్టే డ్రైవర్లున్నారు, వారిని ఆపండి! లోపలి చిన్నదాన్ని ఊదకూడదు, కడగకూడదు, మార్చడమే. దులిపాక లోపల టార్చి వేసి చూడండి. సూదిబెజ్జమంత వెలుగు కనబడినా పారేయండి.

ఫిల్టరు ఎంత మంచిదైనా, దాన్నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా లోపలికే పోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని దుకాణానికి తీసుకెళ్లి, పక్కన పెట్టి ఎత్తు, రబ్బరు అంచు సరిచూసుకోండి.