ఉమ్మడి పనిశాల: పనిముట్లకు డబ్బు ఎక్కడినుండి?

(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే వర్క్‌షాపులో ముప్పై సంవత్సరాలు లేతు మీద పనిచేసిన టర్నర్ పదవీ విరమణ చేసిన మరునాటినుండి ఏమి చేయాలి? చేతిలో నైపుణ్యం ఉంటుంది, పనిముట్టు ఉండదు. అతని పొరుగింటి తపాలా ఉద్యోగి కుమార్తెకు నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటుంది. నేర్చుకొనే చోటు ఉండదు. ఈ ఇద్దరినీ ఒకే కప్పు క్రిందకు చేర్చే స్థలాన్ని నేడు మేకర్‌స్పేస్ అంటున్నారు. మనం దానిని ఉమ్మడి పనిశాల అందాం. లేతు, వెల్డింగు సెట్టు, వడ్రంగి బల్ల, త్రీడీ ప్రింటరు మొదలైన, ఒక్కరు కొనలేని సాధనాలను అందరూ కలిసి వాడుకొనే చోటు అది.

ఇటువంటి పనిశాలను కోరేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న డబ్బు. అయితే ‘డబ్బు ఎవరిస్తారు’ అని మాత్రమే అడిగితే చాలదు. ఏ ఖర్చుకు ఏ డబ్బు, ఆ డబ్బుతోపాటు నిర్ణయాధికారం ఎవరి చేతికి పోతుంది అని కూడా అడగాలి. ఇతరుల అనుభవాలను పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది.

మొదట కార్మికోద్యమం నుండే పుట్టిన ఉదాహరణ చూద్దాం. 1976లో బ్రిటన్‌లోని లూకాస్ ఏరోస్పేస్ కార్మిక ప్రతినిధులు, ఉద్యోగాలు పోకుండా సమాజానికి పనికివచ్చే వస్తువులు తయారుచేద్దామని ఒక ప్రణాళిక రూపొందించారు. అందులో దాదాపు 150 వస్తువులున్నాయి. రోడ్డు మీదా, పట్టాల మీదా నడిచే బండి వాటిలో ఒకటి. యాజమాన్యం ఆ ప్రణాళికను అంగీకరించలేదు. ఆ ప్రతినిధులలో ముఖ్యుడైన మైక్ కూలీ ఉద్యోగం 1981లో పోయింది. అటుతరువాత ఆయన గ్రేటర్ లండన్ కౌన్సిల్ నెలకొల్పిన పరిశ్రమల బోర్డులో చేరగా, ఆ బోర్డు నిధులతో లండన్‌లో ‘టెక్నాలజీ నెట్‌వర్కులు’ వెలిశాయి. యంత్రాలూ, నిపుణుల సలహా సామాన్య జనానికి అందుబాటులోకి వచ్చాయి. కాని 1986 మార్చి 31న పార్లమెంటు చట్టం ప్రకారం ఆ కౌన్సిలే రద్దయింది. మూలధనం ఇచ్చిన చేయి పోగానే నెట్‌వర్కులు క్షీణించాయి. ఆశయంలో లోపం లేదు. ఊట ఒక్కటే కావడం లోపం.

రెండవ అనుభవం అమెరికాది. 2006లో కాలిఫోర్నియాలో మొదలైన టెక్‌షాప్ సభ్యులనుండి నెలసరి రుసుము వసూలుచేసి పనిశాలలు నడిపిన వ్యాపార సంస్థ. అది అనేక నగరాలకు విస్తరించింది. 2017 నవంబరులో, ముందుగా చెప్పకుండానే, అమెరికాలోని తన పనిశాలలన్నీ మూసివేసి దివాలా ప్రకటించింది. సభ్యులు రుసుము చెల్లించారే గాని లెక్కలు అడిగే హక్కు వారికి లేదు. చందా వేరు, కిరాయి వేరు అన్న సంగతి సంఘంలో పనిచేసిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇందుకు భిన్నంగా 2009లో మొదలైన లండన్ హ్యాక్‌స్పేస్ సభ్యులే యజమానులుగా నడిచిన పనిశాల. కనీస చందాకు పైన ఎవరి శక్తికొద్దీ వారు చెల్లించే పద్ధతి దానిది.

మన దేశంలో మహారాష్ట్రలోని పాబళ్ గ్రామాన్ని చూడండి. అక్కడ డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్ 1983లో విజ్ఞాన ఆశ్రమం స్థాపించారు. అక్కడి విద్యార్థులు గ్రామానికి అవసరమైన పనులు చేస్తూ, వాటికి ప్రతిఫలం తీసుకుంటూ విద్య నేర్చుకొంటారు. 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి. సహకారంతో అక్కడ ఫ్యాబ్‌ల్యాబ్ ఏర్పడింది. బయటి సహాయంతో వచ్చిన యంత్రం అప్పటికే పనిచేస్తున్న చేతులలో పడింది. మన హైదరాబాదులో 2023 మార్చి 2న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన టీ-వర్క్స్ వైశాల్యం 78,000 చదరపు అడుగులు. అంతటి యంత్ర సంపత్తిని సమకూర్చడం ప్రభుత్వానికే సాధ్యం. ప్రజాధనాన్ని ఇటువంటి వాటికి వినియోగించమని కోరడం మన హక్కు.

ఈ అనుభవాలనుండి మేము గ్రహించింది ఇది. ఉమ్మడి పనిశాలకు ఖర్చులు నాలుగు తెరగులు: యంత్రాల కొనుగోలు, అద్దె, కరెంటు, మరమ్మతు వంటి నిత్యవ్యయం, శిక్షకుని భత్యం, చెల్లించలేని వారికి రాయితీ. కొనుగోలు ఒక్కసారి వచ్చే ఖర్చు. దానికి విరాళం, ప్రభుత్వ సహాయం, పాత యంత్రాల సేకరణ తగినవి. నిత్యవ్యయానికి మాత్రం సభ్యుల చందాయే ఆధారం కావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. మూడు లక్షల రూపాయల లేతు పదేళ్లు పనిచేస్తుందనుకొంటే, మళ్లీ కొనడానికి సంవత్సరానికి 30,000, అనగా నెలకు 2,500 రూపాయలు విడిగా ఉంచాలి. ఆ లేతు దానంగా వచ్చినా సరే, ఈ లెక్క తప్పదు. రైల్వేలలో తరుగుదల నిధి అన్న మాట ఎరుగని వారు లేరు. దానం వచ్చిందని సంతోషించి ఈ నిధిని మరచిన పనిశాలలో పదేళ్ల తరువాత తుప్పుపట్టిన ఇనుమే మిగులుతుంది. రెండు వందల మంది నెలకు వంద రూపాయలు ఇస్తే 20,000 అవుతుంది. అందులో ఈ 2,500 మొదట తీసిపెట్టి, మిగిలిన దానిలోనే అద్దె, కరెంటు, మరమ్మతులు సర్దుకోవాలి.

ఇక శిక్షణ, రాయితీ. నెలకు వంద ఇవ్వలేని కాంట్రాక్టు కార్మికునికీ, పార్సిళ్లు మోసే కూలీ పిల్లలకూ తలుపు మూసుకుపోతే అది ఉమ్మడి పనిశాల కాదు, స్తోమత గలవారి క్లబ్బు. కాబట్టి పనిశాల బయటివారికి చేసిపెట్టే పనుల ఆదాయాన్నీ, తరగతుల రుసుమునూ ఈ రెండు పద్దులకే కేటాయించాలి. పదవీ విరమణ చేసిన మన పనివారు వారానికి రెండు సాయంత్రాలు నేర్పితే, అదీ చందాయే. నోట్ల రూపంలో లేని చందా.

మిత్రులారా, మన సహకార పరపతి సంఘాలు ఏ ధనవంతుని దానంతోనూ పుట్టలేదు. జీతంలోనుండి నెలనెలా కొంత తీసిపెట్టి, లెక్క గోడకు అంటించి, సర్వసభ్య సమావేశంలో చర్చించి నిలబెట్టుకొన్నాం. ఉమ్మడి పనిశాలకూ అదే మార్గం. దానం చేసేవారిని కృతజ్ఞతతో స్వాగతిద్దాం. తాళం చెవి మాత్రం సభ్యుల చేతిలోనే ఉంచుకొందాం. ప్రతి శాఖా తన పరిధిలో ఎందరు నెలనెలా చందా ఇవ్వగలరో, ఎందరు నేర్పగలరో ముందుగా లెక్క తీయాలని కోరుతున్నాం. యంత్రాల జాబితా ఆ తరువాత వ్రాసుకొందాం.